పాఠ్యపత్రమునందు పటము

(తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగపాఠము)



ఈనాడు మాకు ఒసగిన విషయము వినుటకు చిన్నది. కంప్యూటరునందు వర్డ్ ప్రాసెసరుతో కూర్చు కాగితములలో బొమ్మలను, రేఖాపటములను ఉపయోగించుట ఎట్లు అనునదియే ఆ విషయము. ఇది యంత్రమునకు సంబంధించిన మాట, మనకేల అని కొందఱు అనుకొనవచ్చును. అట్లు కాదని మనవి చేయుటకే మేము వచ్చితిమి. మీ పిల్లల సంచి విప్పి చూడుడు. అందు అచ్చుపుస్తకములతోపాటు విడికాగితములు పెక్కు కనబడును. పాఠ్యపత్రములు, అభ్యాసపత్రములు, మాదిరి ప్రశ్నపత్రములు మున్నగువానిని ఉపాధ్యాయులు కంప్యూటరులో కూర్చి, జెరాక్సు తీయించియో, వాట్సాపులో పంపియో పిల్లలకు అందించుచున్నారు. పాఠ్యపుస్తకమును పలువురు పండితులు చూచిన పిమ్మట గాని అచ్చువేయరు. ఈ విడికాగితమును చూచువారు ఇద్దరే: వ్రాసిన ఉపాధ్యాయుడు, చదువు బిడ్డ. మూడవవారు మీరు కావలెనని మా కోరిక.

పుష్పమును గూర్చిన పాఠ్యపత్రమొకటి తీసికొందము. పాఠము తెలుగు. రక్షక పత్రములు, ఆకర్షణ పత్రములు, కేసరములు, అండకోశము అని నాలుగు భాగములు చక్కగా వివరింపబడియున్నవి. దాని క్రింద పువ్వు బొమ్మ. గీత బాగుగ నున్నది, రంగు బాగుగ నున్నది. కాని బాణపు గుర్తుల చివర ఉన్న పేర్లు సెపల్, పెటల్, స్టేమెన్, పిస్టిల్! పైన చదివిన మాట క్రింద కనబడదు. క్రింద చూచిన మాట పైన లేదు. రెండింటిని కలుపు త్రోవ ఆ కాగితముమీద ఎక్కడను లేదు. బిడ్డ ఏమి చేయును? పాఠమును విడిగా, పటమును విడిగా కంఠస్థము చేయును. పరీక్షలో పటము గీసి భాగములను గుర్తింపుమన్నచో ఆ చేతినుండి వచ్చునది ఇంగ్లీషు పేరే. ఇట్టి పటములను ఏటేట చూచుచు పెరిగిన బిడ్డకు, తెలుగు కథలకును పద్యములకును తగిన భాషయే గాని, పువ్వును విప్పి చూచుటకు, గుండె కొట్టుకొను తీరు తెలిసికొనుటకు తగిన భాష కాదు అను భావము ఎవరును చెప్పకయే మనసున పాతుకొనును. మాకు దిగులు కలిగించునది ఇదియే.

దీనికి ఉపాధ్యాయుని నిందించుట న్యాయము కాదు. ఆయన ప్రయత్నింపకపోలేదు, ప్రయత్నించి, విసిగి, విడిచినాడు. పటముపై తెలుగు పేరు వ్రాయబోయినచో అక్షరములు విడిపోవుచున్నవి. 'పత్రము' అని కొట్టినచో 'పత్‌రము' అని పడును. 'పుష్పము' 'పుష్‌పము' అగును. కొన్నిచోట్ల అక్షరములకు బదులు ఖాళీ పెట్టెలు వరుసగా నిలుచును. మఱునాడు పిల్లల చేతికి కాగితము ఈయవలసిన ఉపాధ్యాయుడు రాత్రి పదిగంటలకు ఈ చిక్కుతో ఎంతసేపు పోరాడగలడు?

చిక్కునకు మూలము మన లిపి స్వభావమున ఉన్నది. ఇంగ్లీషున ఒక అక్షరము ప్రక్కన మఱొక అక్షరము పేర్చిన మాట అగును. తెలుగున తలకట్టు పైన, వత్తు క్రింద, గుణింతపు గుర్తు ప్రక్కన చేఱును. కంప్యూటరులు వచ్చిన తొలినాళ్లలో తెలుగు ఫాంటులు చేసినవారు, వేఱు మార్గము లేక, ఇంగ్లీషు అక్షరములకు కేటాయించిన గదులలోనే తెలుగు అక్షరపు ముక్కలను దాచిరి. ఆ ఫాంటు ఉన్న యంత్రముమీద అది తెలుగు. లేని యంత్రముమీద అర్థము లేని ఇంగ్లీషు గుర్తుల గుంపు. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పునందే తెలుగునకు ప్రత్యేక స్థానము లభించెను. అందు 128 గదులు కలవు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అను తెలుగు ఫాంటు వచ్చెను. ఈ పద్ధతిలో 'క్ష' అనునది క, పొల్లు, ష అను మూడు గుర్తులుగా దాచబడును. వానిని కలిపి కంటికి ఒక్క అక్షరముగా చూపు భారము ఫాంటుదియు, ప్రోగ్రాముదియు. ఆ పని తెలిసిన ప్రోగ్రాములో అక్షరము కుదురుగా వచ్చును, తెలియనిదానిలో విడిపోవును.

మైక్రోసాఫ్ట్ వర్డ్, ఉచితముగా లభించు లిబ్రే ఆఫీసు, గూగుల్ డాక్స్ ఈ మూడును నేడు ఆ పని ఎఱిగినవే. తఱచుగా చిక్కు తెచ్చునవి బొమ్మలు దిద్దు కొన్ని పాత ప్రోగ్రాములును, పాత పద్ధతి ఫాంటులును. కనుక పటములోని పేర్లను బొమ్మలు దిద్దు ప్రోగ్రాములో వ్రాయవలదు. పేర్లు లేని బొమ్మను తెచ్చి వర్డ్ ప్రాసెసరులో ఉంచి, పేర్లను అక్కడనే టెక్స్ట్ బాక్సులలో యూనికోడ్ తెలుగున వ్రాసి, బాణములు గీయవలెను. ఇంగ్లీషు పేర్లు గల బొమ్మయే దొరకినచో, ఆ పేరు మీద తెల్లని టెక్స్ట్ బాక్సు పఱచి దానిపై తెలుగు పేరు వ్రాయవచ్చును. మఱొక జాగ్రత్త. టెక్స్ట్ బాక్సు ఎత్తు ఇంగ్లీషు అక్షరమునకు సరిపోవునంతగా ఉంచినచో మన వత్తు అడుగున తెగిపోవును. క్రింద కొంత జాగా విడువవలెను. అక్షరపు పరిమాణము ఇంగ్లీషునకు పెట్టుదానికంటె ఒకటి రెండు అంకెలు ఎక్కువ ఉండవలెను. మండలి, రామభద్ర, గురజాడ, సూరన్న మొదలైన ఫాంటులు ఉచితముగా దొరకుచున్నవి. అందు వంపులు, సొంపులు ఎక్కువగా ఉన్నవి శీర్షికలకు అందమే గాని, పటములోని సన్నని పేర్లకు పనికిరావు. జెరాక్సులో వత్తులు పూడిపోయి మచ్చలగును.

పటమును మాటను ఒక పుటమీద కలుపు విద్యలో మన చెన్నపట్నమునకు ఒక చరిత్ర కలదు. 1947 జులైలో చక్రపాణి, నాగిరెడ్డిగార్లు ఇచ్చటనే చందమామను ప్రారంభించిరి. నేడు ఆ పత్రిక వెలువడుటలేదు గాని, పెద్దవారిలో దానిని చదువనివారు అరుదు. చిత్రా, శంకర్ గార్లు వేసిన బొమ్మలును, వడ్డాది పాపయ్యగారి ముఖచిత్రములును తలచుకొన్నచో కథ తానే జ్ఞప్తికి వచ్చును. ఆ బొమ్మ కథలో ఏ ఘట్టమునకు చెందినదో ఆ ఘట్టము ప్రక్కనే కనబడెడిది. చదువుచున్న బిడ్డ కన్ను ప్రక్కకు తిరిగినచో చాలును.

ఆ కాలమున బొమ్మ అచ్చువేయుట సులభమైన పని కాదు. చిత్రకారుడు గీసినదానిని ఫోటో తీసి, జింకు రేకుపైకి ఎక్కించి, ఆమ్లముతో తినిపించి, చెక్కదిమ్మకు బిగించి బ్లాకు చేయవలెను. తరువాత సీసపు అక్షరములతోపాటు దానిని చట్రములో బిగింపవలెను. దీనికి డబ్బగును, దినములు పట్టును. కనుక ఈ బొమ్మ నిజముగా కావలెనా అని సంపాదకుడు ఒకటికి రెండుమారులు ఆలోచించెడివాడు. నేడు బొమ్మ చేర్చుటకు వ్రేలితో ఒక నొక్కు చాలును. ఖర్చు లేకపోవుటతో ఆలోచనయు పోయినది. సంధుల పాఠము ప్రక్కన నవ్వుచున్న పెన్సిలు, గుణకారముల ప్రక్కన టోపీ పెట్టుకొన్న గుడ్లగూబ, ప్రతి పుట నాలుగు మూలలను పూలతీగ! సవర్ణదీర్ఘ సంధిని గూర్చి ఆ పెన్సిలునకు ఏమి తెలియునో మాకు అంతుపట్టలేదు. పండుగ ఆహ్వానపత్రమున పూలతీగ ఉండవచ్చును, ఉండవలెను కూడ. పాఠ్యపత్రమున మాత్రము బొమ్మను తీసివేసినచో బిడ్డకు అర్థముకానిది ఏదైన మిగులునా అని అడిగి చూడుడు. ఏదియు మిగులకున్నచో ఆ బొమ్మ అనవసరము.

ఆ నాటి పద్ధతిలో మఱొక సుగుణము కలదు. పటములోని పేర్లను తఱచుగా చిత్రకారుడు తన కలముతోనే వ్రాసెడివాడు. కలమునకు క్ష అనిన, త్ర అనిన భయము లేదు. బాపుగారి చేవ్రాత తెలుగువారికి ఎంత ప్రియమైనదనగా, అది పిమ్మట కంప్యూటరు ఫాంటుగా కూడ అవతరించెను. కలముతో గీసిన పటము ఈనాటికిని తక్కువది కాదని మేము దీనివలన చెప్పదలచినాము. తెల్లకాగితముపై నల్లని కలముతో గీసి, తెలుగు పేర్లు చేతితో వ్రాసి, పగటి వెలుతురులో సెల్‌ఫోనుతో ఫోటో తీసి వర్డ్ ప్రాసెసరులో చేర్చిన పటము, ఇంటర్నెట్టునుండి దించిన రంగు బొమ్మకంటె అనేక పర్యాయములు మేలు. గీసినవారు పాఠమునకు కావలసినదే గీయుదురు గనుక.

ఇక ఒక పాఠ్యపత్రమును మొదటినుండి కూర్చి చూతము. పాఠము పేరు 'మన కుళాయి నీరు ఎక్కడిది?' మన పిల్లలకు ఇంతకంటె దగ్గరి పాఠము లేదు.

1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములు తమ తమ కృష్ణా జలములనుండి తలకు 5 టి.ఎం.సి.ల చొప్పున 15 టి.ఎం.సి.ల నీరు చెన్నపట్నమునకు ఇచ్చుటకు ఒప్పుకొనినవి. దారిలో ఆవిరియై, ఇంకి పోవునది 3 టి.ఎం.సి.లని తీసివేయగా సరిహద్దుకు చేఱవలసినది 12. తెలుగు గంగ అని పేరొందిన ఈ పథకమును గూర్చి 1983లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడుల నడుమ ఒడంబడిక జరిగెను. శ్రీశైలము జలాశయమున నిలిచిన కృష్ణ నీరు పోతిరెడ్డిపాడు వద్ద కాలువలో ప్రవేశించి, వెలుగోడు మీదుగా వచ్చి, పెన్నను కలిసి సోమశిల చేఱును. అచ్చటినుండి కండలేరు. కండలేరునుండి 152 కిలోమీటర్లు కాలువలో నడచి ఊత్తుకోట వద్ద సరిహద్దు దాటును. మఱి 25 కిలోమీటర్లు నడచి పూండి జలాశయమున పడును. 1996లో ఈ నీరు మొదటిసారి పూండికి చేఱెను.

ఈ పేరాను ఇట్లే పిల్లలకు ఇచ్చినచో ఊళ్ల పేర్లు తలక్రిందులగును. వెలుగోడు ముందా, కండలేరు ముందా? ఒక వరుసలో జరుగుదానిని వాక్యములు చెప్పినచో మనస్సు ఆ వరుసను మోయవలెను. పటము చెప్పినచో కన్ను మోయును. కావున ఏడు పెట్టెలు గీయుదము: శ్రీశైలము, వెలుగోడు, సోమశిల, కండలేరు, ఊత్తుకోట, పూండి, చెన్నపట్నము. పైనుండి క్రిందికి ఒకదాని క్రింద నొకటి. నీరు పల్లమునకు పాఱును, దేశపటమునందు ఉత్తరము పైన ఉండును. రెండును కలిసివచ్చినవి. పెట్టెల నడుమ బాణములు. కండలేరు, ఊత్తుకోటల నడుమ బాణము ప్రక్కన 152 కి.మీ. అనియు, దాని తరువాతి బాణము ప్రక్కన 25 కి.మీ. అనియు వ్రాయుదము. ఊత్తుకోట పెట్టెకు అడ్డముగా చుక్కల గీత గీసి, పై భాగమున ఆంధ్రప్రదేశ్ అనియు, క్రింది భాగమున తమిళనాడు అనియు వ్రాయుదము. ఇంతే పటము.

ఇందు వ్రాయని సంగతులు కొన్ని కలవు. మూడు రాష్ట్రములు ఎందుకు ఒప్పుకొనినవి, 15 అనినది 12 ఎందుకైనది, 1976లో మాట ఇచ్చిన నీరు 1996 వఱకు ఎందుకు రాలేదు అను ప్రశ్నలకు ఏ పెట్టెయు, ఏ బాణమును బదులు చెప్పలేదు. అవి వాక్యముల పని. పటము 'ఎక్కడ', 'దేని తరువాత ఏది' అనువానికి సమర్థము. 'ఎందుకు' అనినంతనే మూగబోవును. ఉపాధ్యాయులు పాఠములోని సమస్తమును పటములో ఇఱికించుటకు ప్రయత్నించిన కాగితములను మేము చూచితిమి. ఒక పెట్టెలో నాలుగేసి పంక్తులు! దానికంటె పేరాయే నయము.

పటము క్రింద ఒక వాక్యము తప్పక ఉండవలెను. 'పటము 1' అని వ్రాసి ఊరకొనుట చాలదు. 'పటము 1. కృష్ణ నీరు శ్రీశైలమునుండి చెన్నపట్నము చేఱు మార్గము. దూరములు కొలతకు గీయబడలేదు' అని ఉండవలెను. ఆ రెండవ మాట లేకున్నచో, పెట్టెలన్నియు సమదూరమున ఉన్నవి గనుక, శ్రీశైలమునకును వెలుగోడునకును, ఊత్తుకోటకును పూండికిని ఒకే దూరమని పిల్లవాడు అనుకొనును. గుండె పటముతో ఇట్టి చిక్కే కలదు. ఎదుట నిలిచినవాని గుండెను చూచినట్లు గీయుదురు గనుక, కుడి కర్ణిక, కుడి జఠరిక కాగితముమీద ఎడమ ప్రక్కన ఉండును. ఈ సంగతి పటము చెప్పదు. క్రింది వాక్యమే చెప్పవలెను.

ఇక యంత్రపు పని. పెట్టెలు, బాణములు వేఱు వేఱు వస్తువులు. ఉపాధ్యాయుడు పటము పూర్తిచేసి, పైన పాఠములో ఒక పంక్తి చేర్చును. కొన్ని వస్తువులు క్రిందికి జరుగును, కొన్ని జరుగవు. సోమశిల బాణము పూండి నెత్తిన కూర్చుండును! కృష్ణానది దారి తప్పును. దీనికి మందు రెండు నొక్కులలో ఉన్నది. అన్ని పెట్టెలను, బాణములను కలిపి ఎన్నుకొని 'గ్రూప్' అను ఆజ్ఞ ఇచ్చినచో అవి ఒక్క వస్తువగును. పిదప దానికి 'ఇన్ లైన్ విత్ టెక్స్ట్' అను అమరిక ఇచ్చినచో అది ఒక పెద్ద అక్షరమువలె పంక్తిలో కూర్చుండి, పాఠముతోపాటు జరుగును. పాఠము పటమును చుట్టి ప్రవహించు అమరిక వారపత్రికకు సొగసే గాని, పాఠ్యపత్రమునకు వలదు. ఇరుకైన జాగాలో తెలుగు మాటలు పొడవుగా ఉండి పంక్తులు ఎడమెడముగా విఱుగును.

మన పిల్లలు ఒక్క లిపితో బ్రతుకువారు కారు. 2006లో తమిళనాడు ప్రభుత్వము చేసిన తమిళ అభ్యసన చట్టముతో ఒకటవ తరగతి మొదలుకొని అంచెలంచెలుగా తమిళము చేఱినది. ఆ చట్టపు మంచిచెడ్డల చర్చకు ఇది వేదిక కాదు. తెలుగు, తమిళము, ఇంగ్లీషు అను మూడు లిపులను పసివాడు మోయుచున్నాడు అనునది మనకు కనబడుచున్న సత్యము. మూడు భాషలలోను మాఱకుండ నిలుచునది పటమొక్కటే. పువ్వు మూడు భాషలలోను పువ్వే, గుండె మూడు భాషలలోను ఎడమనే కొట్టుకొనును. అట్లని ఒక్క పటముమీద మూడు భాషల పేర్లును గుప్పించినచో పువ్వు కనబడదు, పేర్లే కనబడును.

మేము సూచించునది ఇది. పటము మీద 1, 2, 3, 4 అని అంకెలు మాత్రము వేయవలెను. క్రింద నాలుగు వరుసల పట్టిక: అంకె, తెలుగు పేరు, తమిళ పేరు, ఇంగ్లీషు పేరు. అంకె ఏ ఫాంటులోను విఱుగదు, ఏ యంత్రముమీదను చెదరదు. వత్తుల భయము పట్టికకు లేదు. అది పాఠములోని భాగము. పేరు తప్పుపడినచో పటమును కదల్పకయే దిద్దుకొనవచ్చును. తెలుగు వరుసను చేతితో మూసి, పేర్లు చెప్పుమని ఇంట అడుగవచ్చును. ఒక్క లోపము కలదు. పటమునకును పట్టికకును నడుమ కన్ను పైకి క్రిందికి తిరుగవలెను. పెద్ద పిల్లలకు అది శ్రమ కాదు, చిన్నపిల్లలకు శ్రమయే. కావున అయిదవ తరగతి వఱకు పేర్లను పటముమీదనే, తెలుగున మాత్రమే వ్రాయుటయు, ఆ పై తరగతులకు అంకెలు, పట్టిక ఉంచుటయు ఉచితమని మా అభిప్రాయము. తెలుగు పేరు మొదటి వరుసలో ఉండవలెనని వేఱుగా చెప్పనక్కఱలేదు గదా.

లెక్కలను చూపు పటములను గూర్చి కొంచెము. 1786లో విలియం ప్లేఫేర్ అను స్కాట్లండు దేశీయుడు ఎగుమతి దిగుమతులను కమ్మీలుగా గీసి చూపెను. నేడు వర్డ్ ప్రాసెసరులో అంకెలు ఇచ్చినచో కమ్మీలు తామే లేచును. మన ఊరి వానను నెలవారీగా గీయించి చూడుడు. చెన్నపట్నమున సంవత్సరమునకు సుమారు 1400 మిల్లీమీటర్ల వాన పడును. అందు సగమునకు మించి అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలలో. హైదరాబాదున వాన అధికభాగము జూను మొదలు సెప్టెంబరు వఱకు. రెండు పటములను ప్రక్కప్రక్కన ఉంచినచో, కథలో ఆషాఢమున కురిసిన వాన మన వీధిలో కార్తికమున ఏల కురియుచున్నదో బిడ్డ అడుగక మానడు. రెండింటికిని కొలత సున్నయొద్ద మొదలై ఒకేరీతిగా ఉండవలెను. దళసరి డబ్బాలవలె, వాలుగా కనబడు కమ్మీలు వలదు. ఏది ఎంత ఎత్తో తెలియదు. ఎఱుపు, పచ్చ రంగులతో భేదము చూపినచో జెరాక్సులో రెండును ఒకే బూడిద రంగగును. ఒకదానిని నిండు నలుపుగను, మఱొకదానిని గీతలతోను నింపవలెను.

దేశపటముల విషయమున మఱింత జాగ్రత్త కావలెను. ఇంటర్నెట్టులో ఆంధ్రప్రదేశ్ పటము అడిగినచో 2014 జూను 2వ తేదీకి పూర్వపుది, తెలంగాణముతో కలిసి ఉన్నది, ఇప్పటికిని వచ్చుచుండును. 2022లో ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 13 నుండి 26 అయినవి. పాత జిల్లాల పటములు ఇంకను తిరుగుచున్నవి. పాత పటము తప్పు కాదు, దాని సంవత్సరము వ్రాయకపోవుట తప్పు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడుటకు ముందు మనమందఱము మద్రాసు రాష్ట్రము వారమే గదా. ఆ పటమును కూడ పిల్లలకు చూపవలసినదే. కాని ప్రతి దేశపటము క్రిందను సంవత్సరము ఉండవలెను.

చూపు లేని బిడ్డకు, చూపు మందగించిన తాతగారికి కాగితమును చదివి వినిపించు ప్రోగ్రాములు నేడు కలవు. అవి అక్షరములను చదువును, బొమ్మను చదువలేవు. బొమ్మకు 'ఆల్ట్ టెక్స్ట్' అను ఒక చోటు కలదు. అందు రెండు తెలుగు వాక్యములలో పటమును వర్ణించి వ్రాసినచో అవి వినిపించును. ఇందుకే, చేతితో గీసిన పటమును ఫోటో తీసి చేర్చినప్పుడును, పేర్లను క్రింద పట్టికలో తిరిగి వ్రాయుట మంచిది. వాట్సాపులో పంపునప్పుడు పుటను ఫోటో తీసి పంపవలదు. పిడిఎఫ్‌గా మార్చి పంపినచో ఫాంటు కూడ వెంట పోవును, అక్షరము చెదరదు, పటము మసకబాఱదు.

ఇక మీరు చేయదగినది. కంప్యూటరు తెలిసిన తల్లిదండ్రులు మనలో కొందఱు కలరు; వారు నెలకొక పూట ఉపాధ్యాయుల ప్రక్కన కూర్చుండి పై పద్ధతులు చూపగలరు. కంప్యూటరు తెలియనివారి వద్ద అంతకంటె విలువైనది కలదు. ఏతమునందలి కఱ్ఱలకు, నాగలి భాగములకు, మగ్గము పనిముట్లకు, వంటింటి సామానునకు మీ యింటి పెద్దలు వాడిన పేర్లు ఏ ఇంటర్నెట్టులోను తేలికగా దొరకవు. నాగలి పటము గీయుట పదినిమిషముల పని. మేడి ఏది, కఱ్ఱు ఏది, ఏడికోల ఏది అని వ్రాయుటకు తెలిసిన మనిషి కావలెను. పొలము విడిచి ఈ పట్నము వచ్చి రెండు తరములు గడచిన ఇండ్లలో ఆ మాటలు ఎఱిగినవారు ఒక అవ్వయో తాతయో మిగిలియున్నారు. వారిని పిల్లలు అడుగవలెను, అడిగి వ్రాసికొనవలెను.

పాఠశాల కార్యాలయమున ఒక అట్టపెట్టె ఉంచుటకు ప్రధానోపాధ్యాయులు అంగీకరించినారు. మీ పిల్లల పాఠ్యపత్రములలో తెలుగు పేర్లు లేని పటము కనబడినచో, దాని నకలొకటి తీసి, తెలిసినంతవఱకు పేర్లు వ్రాసి అందు వేయుడు. తెలియని పేరు చోటు ఖాళీగా విడువుడు; ఉపాధ్యాయులు పాఠ్యపుస్తకముతో సరిచూచి నింపుదురు. మొదట కావలసినవి పుష్పము, గుండె, జీర్ణవ్యవస్థ, నాగలి.